పాలగాజు పొడుం బుడ్డి

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. ఎస్తేరుకి ముక్కు మీదుండేది అసహ్యం. అలాంటి మనిషికి దేవుడు బతుకుతెరువు కూడా ముక్కుల్లోనే రాసిపెట్టాడు. కొండాపూర్ రోడ్డులో ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో ఆమె పెద్ద నర్సు. హైటెక్ సిటీ మొత్తానికీ ఏడాది పొడుగునా జలుబే. పగలంతా ఏసీలో ముడుచుకుని, సాయంత్రం బయటికొచ్చి ఫ్లైఓవర్ల కింద దుమ్ము పీల్చే సాఫ్ట్‌వేర్ పిల్లలు మెడలో ఐడీ కార్డులతోనే వచ్చి ఆమె ముందు ముక్కులెత్తి కూర్చుంటారు. ఆ ముక్కుల్లోకి ఆమె లైటు వేసి చూస్తుంది, గొట్టం పెట్టి కడుగుతుంది, అందులోంచి వచ్చిందంతా గిన్నెలో పట్టి పారబోస్తుంది. చేతికి గ్లవ్స్ ఉంటే చాలు. ఆ పల్చటి రబ్బరు పొర ఉన్నంతసేపూ లోకంలో ఏ రోతా ఆమెను అంటదు.

బోరబండలో ఇంటి దగ్గర ఆ పొర లేదు. ఇంటి దగ్గర నాన్న ఉన్నాడు.

నాన్న పేరు పౌలు. ఒంగోలు దగ్గర పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లలో పనిచేసి ముసలివాడైన మనిషి. ఆకు కాల్చేవాళ్ళు చుట్ట తాగుతారు, ఆయన మాత్రం ముక్కుపొడుంలో పడ్డాడు. పొగాకు మాడ్చి, సున్నం, నెయ్యి కలిపి తానే నూరుకునేవాడు. ఆ నూరిన వాసనకు ఇంట్లో పిల్లలు తుమ్ముతూ ఉంటే నవ్వేవాడు. ఆయన రుమాళ్ళు ఉతకడం పెద్దకూతురి వంతు. జిగురుగా, గోధుమరంగుగా, నీళ్ళలో వేసినా విడిపోని ఆ సరుకును ఎస్తేరు ఊపిరి బిగబట్టి బండమీద రుద్దేది. రుద్దిన చేత్తో అన్నం తినలేక ఎన్నో మధ్యాహ్నాలు ఆకలితో కూర్చుంది. వాళ్ళమ్మ కేకలేసేది, కన్నతండ్రి మీద అంత ఏవగింపా అని. కన్నతండ్రి మీద కాదు, ఆయన ముక్కు మీద అనేది ఎస్తేరు. ఆ రెండూ వేరని ఆమె అప్పుడూ అనుకుంది, తర్వాతా అనుకుంటూనే ఉంది.

పెళ్ళిచూపుల్లో ఎస్తేరు అబ్బాయి జీతం అడగలేదు, చదువు అడగలేదు. జేబులో రుమాలుంటే చూపించమంది. వచ్చినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. క్రిస్టోఫర్ నవ్వి, తెల్లగా ఉతికి మడిచిన రుమాలు తీసి చేతిలో పెట్టాడు. ఇప్పటికీ ఆఫీసు క్యాబు నడుపుతూ, సీట్లకు తెల్ల కవర్లు వేసుకుని తిరిగే మనిషి అతను. తన బతుకులో సరిగ్గా ఎంచుకున్నది అతన్నేనని ఎస్తేరు చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

తల్లి పోయాక నాన్న బోరబండకు వచ్చేశాడు. వచ్చేటప్పుడు ఒక సంచీ, దాంట్లో తుప్పు పట్టిన రేకు డబ్బా. ఎస్తేరు డబ్బా పారేయలేదు, పారేస్తే ముసలాయన అన్నం మానేస్తాడని భయం. అందుకని ఒక ఉపాయం చేసింది. రుమాళ్ళన్నీ ముదురు కాఫీరంగువి కొనింది. ఆ రంగులో ఏ మరకా కనపడదు. వాడినవి బాల్చీలో పడేయమనేది, సబ్బునీళ్ళు పోసి కర్రతో కలిపేది, కర్రతోనే ఎత్తి ఆరేసేది. చూడక్కర్లేదు, తాకక్కర్లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ ఇంట్లో ఎస్తేరు కళ్ళు మూసుకుని రుమాళ్ళు ఉతికింది.

కిందటి వానాకాలం నుంచి నాన్నకు ఒకవైపు ముక్కు మూసుకుపోయింది. రాత్రి నోటితో ఊపిరి పీలుస్తూ గురక పెడతాడు, పొద్దున లేచి తల బరువంటాడు. చెంప కూడా కొంచెం ఉబ్బినట్టుంది. క్లినిక్‌లో ఏ ముసలాయన వచ్చి ఈ మాటలు చెప్పినా ఎస్తేరు వెంటనే డాక్టరు గదిలోకి తీసుకెళ్ళేది. నాన్న చెప్తే మాత్రం ఆమెకు వినిపించేది ఒక్కటే: పొడుం. కూరుకుని కూరుకుని మూసుకుపోయింది, ఇంకేముంటుంది. ఆ గోధుమరంగు ముక్కునూ, ఆ తడి మీసాలనూ తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టడం ఆమె ఊహకు కూడా అందలేదు. వచ్చిన ప్రతి రోగికీ పొగాకు మానమని పాఠం చెప్పే నర్సు తండ్రి ఇలాంటివాడని క్లినిక్‌లో తెలిస్తే తల ఎత్తుకోగలదా.

ఒకరోజు పౌలు నోరు తెరిచి అడిగాడు. మీ డాక్టరమ్మకు ఒకసారి చూపిస్తావా అమ్మాయ్ అన్నాడు. ఇంటి యజమానురాలు సక్కుబాయి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమె కూడా అందుకుంది.

"నువ్వు ముక్కుల దవాఖానలనే పని జేస్తవ్. ఊరోళ్ళందరి ముక్కులు జూస్తవ్. మీ నాయినది జర జూపియ్యరాదు?"

"ముందు ఆ దరిద్రం మానమనండి సక్కుబాయి గారూ. మానిన రోజే తీసుకెళ్తాను. ఆ ముక్కుతో నేను ఆయన్ని తీసుకెళ్ళను" అంది ఎస్తేరు.

ముసలాయన తల దించుకుని చొక్కా జేబులోని డబ్బాను తడుముకున్నాడు. మళ్ళీ అడగలేదు. అడగకపోవడంతో మానే ప్రయత్నంలో ఉన్నాడేమోనని ఎస్తేరు అనుకుంది.

ఇక క్లినిక్ సంగతి. డాక్టర్ ప్రియదర్శినికి ఒక పిచ్చి ఉంది. వెయిటింగ్ హాల్లో, టోకెన్ నంబర్లు వెలిగే బోర్డు పక్కన, తాళం వేసిన గాజు బీరువా ఒకటి పెట్టింది. అందులో బొటనవేలంత, కొన్ని ఇంకాస్త పెద్దవి, రంగురంగుల సీసాలు. చూసేవాళ్ళు అత్తరు బుడ్లనుకుంటారు. అవి అత్తరు బుడ్లు కావు. వెనకటికి చైనాలో గొప్పోళ్ళు ముక్కుపొడుం పోసి అంగీ చేతుల్లో దాచుకున్న బుడ్లు. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఎస్తేరు బీరువా దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. ఇల్లు వదిలి, రైలెక్కి, షేర్ ఆటో పట్టుకుని ఇంత దూరం వస్తే, ఇక్కడ కూడా పొడుమేనా అనుకుంది.

డాక్టరమ్మ మాత్రం వాటి ముందు నిలబడితే చిన్నపిల్ల అయిపోతుంది. పాలలాంటి తెల్లగాజు మీద మీనా పని అది. గాజు మీద పూసేదీ గాజు రంగే. రంగు కరగాలి, సీసా కరగకూడదు, అంత లెక్కగా కొలిమిలో కాల్చాలట. ఒక రంగుకు ఒకసారి, ఇంకో రంగుకు ఇంకోసారి. ఇక ఆ బొమ్మలు ఊరికే అందానికి వేసినవి కావట. ప్రతి బొమ్మా ఒక మాట. చైనా భాషలో గబ్బిలం అన్న మాటా, భాగ్యం అన్న మాటా ఒకేలా పలుకుతాయి, అందుకని సీసా మీద గబ్బిలం వేస్తే భాగ్యం కోరినట్టు. తలకిందులుగా వేస్తే భాగ్యం ఇంటికి వచ్చేసినట్టు. ఎర్రగా వేస్తే అంతులేని భాగ్యం. ఇదంతా డాక్టరమ్మ వచ్చిన అతిథులకు చెప్తుంటే, పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు తలలూపుతూ ఫోన్లతో ఫొటోలు తీసుకునేవాళ్ళు.

ఎస్తేరుకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. గబ్బిలం అన్న మాటలోనే మనకు గబ్బు ఉంది. బైబిలు వాక్యంలో కూడా దాన్ని తినకూడని హేయమైన వాటిలోనే చేర్చారు. దాన్ని తెచ్చి, చీమిడి పొడి పోసుకునే బుడ్డి మీద వేసి, దాని ముందు నిలబడి అబ్బురపడుతున్న ఈ మనుషులను చూస్తే ఆమెకు జాలికన్నా అసహ్యమే ఎక్కువ కలిగింది. మా నాన్నది తుప్పు రేకు కాబట్టి దరిద్రం, ఇది పాలగాజు కాబట్టి కళ. రోతకు రంగు పూస్తే రోత కాకుండా పోతుందా అని మనసులోనే తిట్టుకుంది. ముక్కుసూటి మనిషే గాని జీతమిచ్చే మనిషి ముందు ఆ ముక్కు కాస్త వంగుతుంది.

ఆ బీరువా శుభ్రం చేసే పని కూడా ఆమెకే వచ్చి పడింది. మిగతావాళ్ళ చేతులు నమ్మనని డాక్టరమ్మ తాళంచెవి ఎస్తేరుకిచ్చింది. ఎస్తేరు ఒకదానిమీద ఒకటి రెండు జతల గ్లవ్స్ తొడుక్కుని, మూతికి మాస్కు కట్టుకుని, ఒక్కో సీసానూ మెడ పట్టుకుని తీసి తుడిచేది. ఒకసారి పగడపు మూత ఊడి వచ్చింది. మూతకు అంటి చిన్న చెంచా ఉంది, చెవి గులిమి తీసే పుల్లంత. ఆ చెంచాకు, సీసా గోడలకు నల్లగా గట్టిపడిన పొడి. ఎవడో ఎప్పుడో చచ్చిపోయిన చైనావాడు ముక్కులో పెట్టుకోగా మిగిలిన పొడి. ఎస్తేరు బాత్‌రూముకు పరుగెత్తి చేతులు కడుక్కుంది, గ్లవ్స్ ఉండగానే. తిరిగొచ్చి లోపల కూడా కడగమంటారా అని అడిగితే డాక్టరమ్మ కంగారుగా వద్దంది. అది పాత పొడి, అది ఉంటేనే సీసాకు విలువట.

రెండు జతల గ్లవ్స్‌ను డాక్టరమ్మ మరో రకంగా అర్థం చేసుకుంది. చూశారా ఎంత అపురూపంగా పట్టుకుంటుందో అని అందరికీ చెప్పుకుంది. క్లినిక్ వార్షికోత్సవం రోజున స్టాఫ్ అందరికీ స్వీట్ డబ్బాలిచ్చి, ఎస్తేరును లోపలికి పిలిచి, దూదిలో చుట్టిన ఒక చిన్న పెట్టె చేతిలో పెట్టింది. లోపల ఒక పాలగాజు బుడ్డి. మూతి దగ్గర కొంచెం పెచ్చు ఊడింది, అందుకే బీరువాలోంచి తీసేసింది. దాని మీద రాయిపక్కన కూర్చుని తలెత్తి చూస్తున్న పిల్లి, దాని పైన ఎగురుతున్న పసుపు సీతాకోకచిలుక.

"మీ నాన్నగారికి ఎనభై దాటాయన్నారు కదా సిస్టర్. చైనా భాషలో పిల్లి అన్నా, సీతాకోకచిలుక అన్నా పెద్ద వయసు అనే మాటలాగే వినిపిస్తుంది. రెండూ కలిపి వేస్తే, ఎనభై తొంభై ఏళ్ళు హాయిగా బతకమని దీవెన. ఆయనకివ్వండి" అంది డాక్టరమ్మ.

ఎస్తేరు థాంక్స్ చెప్పింది. హైటెక్ సిటీ స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద చెత్తడబ్బా పక్కనే చాలాసేపు నిలబడింది. పిల్లి ఎదురొస్తే పనిమీద పోయేవాడు వెనక్కి తిరిగే దేశంలో పిల్లి దీవెన ఏమిటి. పొడుం పీల్చే మనిషికి పొడుం బుడ్డి కానుకగా తీసుకెళ్ళే పిచ్చి కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా. పారేద్దామనే అనుకుంది. కానీ మీ నాన్నగారికి నచ్చిందా అని డాక్టరమ్మ తప్పకుండా అడుగుతుంది, ఎస్తేరుకి అబద్ధం చెప్పడం చేతకాదు. రైలొచ్చింది, సంచీలో పెట్టెతోనే ఎక్కేసింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా ఫ్రిజ్ పైన, పాత కేలండర్ల వెనక పెట్టింది. నాన్నకు ఇవ్వలేదు.

ఆదివారం మందిరం నుంచి వచ్చి ఎస్తేరు వంటింట్లో చేపలు కడుగుతోంది. ముందు గదిలోంచి సక్కుబాయి నవ్వు వినిపించింది, తర్వాత తుమ్ము, మళ్ళీ తుమ్ము. ఆ తుమ్ము ఎలాంటిదో ఎస్తేరుకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. చేపల చేయి కడగకుండానే బయటికొచ్చింది.

ముసలాయన కేలండర్ కోసం వెతికి పెట్టె కనిపెట్టాడు. వాసన బట్టి అదేమిటో తెలుసుకున్నాడు, మూసుకుపోయిన ముక్కుతో కూడా. మూత తీసి, ఆ పుల్లంత చెంచాతో లోపల గీకి, గట్టిపడిన ఆ పొడిని అరచేతిలో నలిపి పీల్చేశాడు. ఎవరో తెలియని చైనా శవం ముక్కు సరుకు, ఇప్పుడు తన తండ్రి ముక్కులో. సక్కుబాయికి ఏమీ పట్టలేదు, పిల్లిబొమ్మ మస్తుందని మెచ్చుకుంటోంది. పౌలు కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, చచ్చిపోయింది సరుకు, ఘాటు లేదు అని తీర్పు చెప్పాడు. మళ్ళీ తుమ్మాడు.

తిట్టడానికి ఎస్తేరు నోరు తెరిచింది. అప్పుడే చూసింది.

ఆయన చేతిలో ఉన్న పాలగాజు మీద, పిల్లి తల పక్కన, ఎర్రటి చుక్క ఒకటి జారుతోంది. దాని వెనకే ఇంకొకటి. ముసలాయన అలవాటుగా కాఫీరంగు రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. రుమాలు మీద ఏమీ కనపడలేదు. తడి ఉంది, రంగు లేదు. సీసా మీద మాత్రం తెల్లటి గాజు నిండా నెత్తురు.

"ఇదెప్పటి నుంచి నాన్నా?"

"ఇదెప్పుడూ వచ్చేదేనమ్మా. నీ రుమాలు రంగులో కనపడదు గానీ, కిందటి వానల నుంచీ వస్తానే ఉంది."

"నాకెందుకు చెప్పలేదు?"

ముసలాయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మానితే చూపిస్తానన్నావు గదా" అన్నాడు. "మానలేకపోయాను."



ఎస్తేరు చేతులు కడుక్కొచ్చింది. ఇంట్లో బట్టల బీరువాలోంచి టార్చి తీసింది. గ్లవ్స్ కోసం సంచీ వెతికితే ఒక్కటి కూడా లేదు, అన్నీ క్లినిక్‌లోనే ఉన్నాయి. నాన్నను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక్కి వంచింది. ముక్కు చివర బొటనవేలితో పైకెత్తితే, వేలికి ఆ జిగురు అంటింది. చిన్నప్పుడు బండమీద రుద్దిన అదే జిగురు, అదే వాసన. సింకు దగ్గరకు వెళ్ళి వాంతి చేసుకుంది. తండ్రి అక్కడే తల వెనక్కి వంచుకుని, కళ్ళు మూసుకుని, ఆమె చెప్పినట్టే కదలకుండా కూర్చున్నాడు. ఆమె మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి చూసింది. పొడుం పేరుకున్న పొర వెనక, లోపలి గోడను నెట్టుకుంటూ, మాంసంలా ఎర్రగా, మెత్తగా ఒక పెరుగుదల. దానికి పొడుంతో సంబంధం ఉందో లేదో ఆమెకు తెలీదు. అది ఊరికే కూరుకుపోయిన పొడుం కాదని మాత్రం చెప్పగలదు. క్లినిక్‌లో అలాంటిదాన్ని చూసిన మొదటి నిమిషంలోనే ఆమె పేషెంట్‌ను లోపలికి తీసుకెళ్ళేది.

మర్నాడు పొద్దున్నే క్రిస్టోఫర్ క్యాబులో, తెల్ల కవర్ల సీటు మీద, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పౌలు కొండాపూర్ వెళ్ళాడు. ఎస్తేరు ఆయన్ని వెయిటింగ్ హాల్లో గాజు బీరువా పక్కనే కూర్చోబెట్టింది. టోకెన్ తీసుకున్నవాళ్ళు ఆయన మీసాలను, గోధుమరంగు వేళ్ళను చూసి కొంచెం దూరం జరిగారు. అలా జరగడం ఎలా ఉంటుందో ఎస్తేరు కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ హాల్లో లేరు. ఆ రోజు మాత్రం జరిగినవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళంతా చీదరేసింది.

డాక్టరమ్మ సన్నటి గొట్టం లోపలికి పోనిచ్చి, తెర మీద చూస్తూ, ఒకేచోట దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తల తిప్పకుండానే అడిగింది.

"ఎన్నాళ్ళ నుంచి బ్లడ్ వస్తోంది, సిస్టర్?"

అది ఎస్తేరు రోజూ అడిగే ప్రశ్నే. ఆలస్యంగా తెచ్చిన కొడుకులను, కూతుళ్ళను ఇన్నాళ్ళు ఏం చూశారండీ అని నిలబెట్టి తిట్టేది.

"తెలీదు మేడమ్. నేను చూడలేదు" అంది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చిన ఫలితం మంచిది కాదు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు, తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టారు. ముందే తెచ్చుంటే ఇంత లోపలికి వెళ్ళేది కాదని అక్కడి డాక్టరు ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకుండా అన్నాడు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. పౌలు బతికే ఉన్నాడు. ఒకపక్క బుగ్గ లోపలికి గుంట పడింది, వాసన పూర్తిగా పోయింది. పొడుం మానేశాడు. మానడం కాదు, పీల్చడానికి చోటు లేకుండా పోయింది. ఖాళీ పాలగాజు బుడ్డిని మాత్రం ఎవరినీ తీసుకోనివ్వడు. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర కూర్చుని, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏదో తెలిసినట్టు కళ్ళు మూసుకుంటాడు. నాన్నగారికి బుడ్డి నచ్చిందా అని డాక్టరమ్మ అడిగితే ఎస్తేరు చాలా నచ్చిందనే చెప్పింది, అబద్ధం చెప్పక్కర్లేకుండానే. సక్కుబాయి ఆ పిల్లి దీవెన గురించి విని, "గా పిల్లి జేసిన సాయం నీ చదువు చెయ్యలే తల్లీ" అంది.

కాఫీరంగు రుమాళ్ళన్నీ పొయ్యి తుడుచుకునే గుడ్డలయ్యాయి. ఇప్పుడు ఆయనకు తెల్లవే కొంటుంది. కర్రను పారేసింది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే దొడ్లో కూర్చుని, ఒక్కొక్క రుమాలునూ ఉత్తి చేతులతో విప్పి, ఉతికే ముందు వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూల దాకా చూస్తుంది. ఎర్రగా ఏమైనా ఉందా అని చూస్తుంది. అసహ్యం పోయిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రోజూ డోకు వస్తుంది. వచ్చాక కూడా చూస్తుంది.